సబ్జెక్టు గ్రేడును చదివేదెవరు?

సంగారెడ్డి జిల్లా ఝరాసంగం మండలం నుంచి జహీరాబాద్‌లోని డిగ్రీ కళాశాలకో, సుల్తాన్‌పూర్‌లోని జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కళాశాలకో, హైదరాబాద్ శివార్లలోని ప్రైవేటు కళాశాలకో వెళ్లి చదువు పూర్తిచేసిన విద్యార్థి చేతికి పట్టా ఒక్కటే రాదు. సెమిస్టరుకు ఒకటి చొప్పున ఆరో ఎనిమిదో మార్కుల మెమోలు, వాటన్నింటినీ ఒకచోట చేర్చిన కన్సాలిడేటెడ్ మెమో, ప్రొవిజనల్ సర్టిఫికెట్ కూడా వస్తాయి. ఇంజినీరింగ్ విద్యార్థి మెమోలన్నీ వరుసగా పరిస్తే ప్రయోగశాలలతో కలిపి యాభైకి పైగా సబ్జెక్టుల పేర్లు, ప్రతి పేరు పక్కన ఒక అక్షరం కనిపిస్తాయి. ఆ అక్షరాలలో ఒక్కొక్కదాని కోసం విద్యార్థి పడిన శ్రమ, తల్లిదండ్రులు పడిన ఆందోళన తక్కువేమీ కావు గనుక, ఉద్యోగమిచ్చేవారు వాటిని విడివిడిగా చదువుతారా, లేక చివరన ఉన్న ఒక్క మొత్తం సంఖ్యతో సరిపెట్టుకుంటారా అన్న ప్రశ్న ఏటా వేల ఇళ్లలో తలెత్తుతుంది. తెలంగాణలోని నియామక నిబంధనలను, కంపెనీల పద్ధతులను దగ్గరగా పరిశీలిస్తే తేలేది ఏమిటంటే, సబ్జెక్టులో వచ్చిన గ్రేడు కంటే ఆ సబ్జెక్టును అసలు చదివారా అన్నదీ, దానిని మొదటిసారే గట్టెక్కారా అన్నదీ ఎక్కువగా లెక్కకు వస్తాయి.

ముందుగా గ్రేడు ఎలా పుడుతుందో చూడాలి. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2015 నుంచి ప్రోత్సహించిన ఛాయిస్ బేస్డ్ క్రెడిట్ విధానాన్ని, అంటే ప్రతి సబ్జెక్టుకు దాని బోధన గంటలను బట్టి కొన్ని క్రెడిట్లు కేటాయించి కొన్ని సబ్జెక్టులను ఎంచుకునే వీలు విద్యార్థికి ఇచ్చే పద్ధతిని, తెలంగాణ డిగ్రీ కళాశాలలు 2016-17లో అందుకున్నాయి; ‘దోస్త్’ పేరుతో ఆన్‌లైన్ ప్రవేశాలు మొదలైనది కూడా ఆ విద్యాసంవత్సరంలోనే. జేఎన్‌టీయూ హైదరాబాద్ 2018 నిబంధనల ప్రకారం 90కి పైగా మార్కులు వస్తే ‘ఓ’ గ్రేడు, దానికి 10 పాయింట్లు. అక్కడి నుంచి ‘ఏ ప్లస్’, ‘ఏ’, ‘బీ ప్లస్’, ‘బీ’ మీదుగా ఒక్కో పాయింటు తగ్గుతూ 40 నుంచి 50 లోపు మార్కులకు ‘సీ’ గ్రేడు, 5 పాయింట్లు వస్తాయి. అంతకు దిగువన ఉన్నది ‘ఎఫ్’, దానికి సున్నా. సబ్జెక్టు క్రెడిట్లను గ్రేడు పాయింట్లతో హెచ్చించి, అన్నింటినీ కూడి, మొత్తం క్రెడిట్లతో భాగిస్తే ఒక సెమిస్టరుకైతే ఎస్‌జీపీఏ, కోర్సు మొత్తానికైతే సీజీపీఏ తేలుతుంది.

ఈ లెక్కలోనే సగం జవాబు ఉంది. బీటెక్‌కు మొత్తం 160 క్రెడిట్లు. నాలుగు క్రెడిట్ల గణితం పేపరులో ‘ఓ’ రావలసిన విద్యార్థికి ఏ కారణం చేతనో ‘సీ’ వచ్చిందనుకుంటే, అంటే ఐదు మెట్లు ఒక్కసారిగా జారిపడ్డాడనుకుంటే, పోయేవి 20 పాయింట్లు. వాటిని 160తో భాగిస్తే సీజీపీఏలో తగ్గేది 0.125 మాత్రమే. ఒక్క మెట్టు తగ్గితే జరిగే నష్టం 0.025, అంటే రెండో దశాంశ స్థానంలో ఎక్కడో కనిపించేది. విద్యార్థి నెలల తరబడి బాధపడే ఒక్క పేపరు నాలుగేళ్ల మొత్తంలో ఇంత చిన్న జాడే వదులుతుందన్న సంగతి పరీక్షల కాలంలో ఎవరూ చెప్పరు. అదే ‘ఎఫ్’ అయితే లెక్క వేరు: సున్నా చేరడం అటుంచి, ఆ సబ్జెక్టు దాటేవరకు పట్టానే చేతికి రాదు.

కంపెనీల తొలి వడపోత ఈ మొత్తం సంఖ్య మీదనే జరుగుతుంది. టీసీఎస్ తన జాతీయ అర్హత పరీక్షకు పదో తరగతి, ఇంటర్ లేదా డిప్లొమా, డిగ్రీ అన్నింటిలో 60 శాతం గాని 6 సీజీపీఏ గాని ఉండాలని అడుగుతూ వచ్చింది. మిగిలిన పెద్ద సాఫ్ట్‌వేర్ సంస్థల ప్రకటనలు కూడా కొద్ది తేడాలతో ఇదే దారిలో నడిచాయి. ప్రభుత్వ రంగంలో ఇస్రో శాస్త్రవేత్త లేదా ఇంజినీరు ఉద్యోగానికి బీటెక్‌లో మొత్తం మీద 65 శాతం గాని 6.84 సీజీపీఏ గాని కోరుతుంది. ఇక్కడ ఒక విచిత్రం ఉంది. జేఎన్‌టీయూ సొంత సూత్రం ప్రకారం సీజీపీఏ నుంచి 0.5 తీసివేసి పదితో హెచ్చిస్తే శాతం వస్తుంది కనుక 6 సీజీపీఏ అంటే 55 శాతం, 6.84 అంటే 63.4 శాతం; ప్రకటనలో సమానంగా రాసిన రెండు అంకెలు విశ్వవిద్యాలయం లెక్కలో సమానం కావు. ఆ తేడా ఎవరికి లాభమో, ఎవరికి నష్టమో చూసుకోవలసినది అభ్యర్థే, ఎందుకంటే కటాఫ్ గీతకు ఇవతల ఉన్నవాడి మెమోను ఎవరూ తెరిచి చూడరు. గీత ఎంత కఠినమో సుప్రీంకోర్టు 2011లో ఒరిస్సా పబ్లిక్ సర్వీస్ కమిషన్ కేసులో స్పష్టం చేసింది: న్యాయాధికారుల నియామక పరీక్షలో 45 శాతం అవసరమైన చోట 44.93 శాతం తెచ్చుకున్న అభ్యర్థి అంకెను పైకి సవరించి 45గా భావించడం నిబంధనల్లో లేదని, అందువల్ల కుదరదని తీర్పు చెప్పింది. ఆ వివాదం డిగ్రీ గ్రేడుల గురించి కాకపోయినా, దశాంశాల మీద నడిచే ఏ వడపోతకైనా అది వర్తించే తర్కమే.

కటాఫ్ తర్వాత చూసేది బ్యాక్‌లాగ్. తప్పి, ఇంకా రాయవలసి ఉన్న సబ్జెక్టును బ్యాక్‌లాగ్ అంటారు. సప్లిమెంటరీలో గట్టెక్కిన తర్వాత కూడా అది విద్యార్థి చరిత్రలో మిగిలిపోతుంది. కొన్ని కంపెనీలు దరఖాస్తు నాటికి ఒకటికి మించి పెండింగ్ సబ్జెక్టులు ఉండకూడదంటాయి, కొన్ని ఒక్కటి కూడా వద్దంటాయి, మరికొన్ని మొదటి ప్రయత్నంలో వచ్చిన మార్కులనే లెక్కిస్తామంటాయి. విడి సబ్జెక్టు ఫలితం తొలి దశలోనే యజమాని కంట పడేది ఈ ఒక్క రూపంలోనే. ఏ సబ్జెక్టు తప్పాడన్నది సాధారణంగా అడగరు. థర్మోడైనమిక్స్ తప్పినవాడు, పర్యావరణ శాస్త్రం తప్పినవాడు ఆ దరఖాస్తు ఫారంలో ఒకే గడి నింపుతారు. ఇది న్యాయమైన పద్ధతి అనడం కష్టం, కాని వేల దరఖాస్తులను కంప్యూటరు వడకట్టే చోట దీనికి మించిన సూక్ష్మత ఆశించలేం.

అసలు కంపెనీలు గ్రేడులను విడివిడిగా ఎందుకు చదవవు? ఆర్థికవేత్త మైకేల్ స్పెన్స్ 1973లో ప్రతిపాదించిన సంకేత సిద్ధాంతం ఇందుకు కొంత వివరణ ఇస్తుంది. ఆ సిద్ధాంతానికి గుర్తింపుగా ఆయనకు 2001లో జార్జ్ అకెర్లాఫ్, జోసెఫ్ స్టిగ్లిట్జ్‌లతో కలిపి నోబెల్ బహుమతి లభించింది. అభ్యర్థి సామర్థ్యం ఎంతో యజమానికి నేరుగా కనిపించదు. కనిపించే వాటిలో, సామర్థ్యం లేనివారికి సంపాదించడం కష్టమైనదేదో దానిని గుర్తుగా తీసుకుంటాడు. పట్టా అటువంటి గుర్తు. అందులోని పాఠ్యాంశం పనికి ఉపయోగపడినా పడకపోయినా, దానిని పూర్తిచేయగలిగారన్న విషయమే ఒక సమాచారం. గుర్తు ఎంత సరళంగా ఉంటే పోల్చడం అంత సులువు కాబట్టి యాభై అక్షరాల కంటే ఒక్క అంకె వైపే మొగ్గు ఉంటుంది.

తెలుగు రాష్ట్రాలలో దీనికి మరో కారణం కూడా తోడవుతుంది. ఇక్కడ ఒకే విశ్వవిద్యాలయం కింద ఎన్నో అనుబంధ కళాశాలలు ఉంటాయి. ప్రశ్నపత్రం ఒక్కటే అయినా అంతర్గత మార్కులు కళాశాలలోనే పడతాయి. జేఎన్‌టీయూ 2018 నిబంధనల్లో వందలో 25 మార్కులు అంతర్గత మూల్యాంకనానికి, 75 మార్కులు చివరి పరీక్షకు ఉండగా, 2022 నిబంధనల్లో అది 40కి, 60కి మారింది. స్వయంప్రతిపత్తి పొందిన కళాశాలలైతే ప్రశ్నపత్రాన్నీ, మూల్యాంకనాన్నీ తామే చూసుకుంటాయి. అందువల్ల ఒక కళాశాలలోని ‘ఏ ప్లస్’, మరో కళాశాలలోని ‘ఏ ప్లస్’ ఒకే బరువు తూగుతాయని నియామక అధికారి నమ్మడు. నమ్మకపోవడంలో అతని తప్పేమీ లేదు. నమ్మకం లేని చోట తన పరీక్ష తాను పెట్టుకుంటాడు. క్యాంపస్ నియామకాలలో ఆప్టిట్యూడ్, కోడింగ్ పరీక్షలకు వచ్చిన ప్రాధాన్యానికి మూలం ఇదే. ‘డేటా స్ట్రక్చర్స్‌’లో వచ్చిన గ్రేడు కంటే గంటన్నరలో కళ్ల ముందు రాసిన ప్రోగ్రాము అతనికి ఎక్కువ చెబుతుంది.

ఇంతవరకు చెప్పినది సాఫ్ట్‌వేర్ రంగం. ఝరాసంగం నుంచి ముంబయి జాతీయ రహదారి పట్టుకుని హైదరాబాద్ వైపు వస్తే దారిలో తగిలేవి మాత్రం వేరే రకం కొలువులు: జహీరాబాద్‌లో మహీంద్రా ట్రాక్టర్ల కర్మాగారం, సదాశివపేట దగ్గర ఎంఆర్‌ఎఫ్ టైర్ల కర్మాగారం, పటాన్‌చెరు చుట్టూ మందుల పరిశ్రమలు, రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్. ఈ కొలువులలో సబ్జెక్టు విలువ పూర్తిగా మరో కోణంలో కనిపిస్తుంది, దానికి మందుల పరిశ్రమ అన్నింటికంటే మంచి ఉదాహరణ. 1945 నాటి ఔషధ నిబంధనలలో 71వ నిబంధన ప్రకారం మందుల తయారీని పర్యవేక్షించే సమర్థ సాంకేతిక సిబ్బందిగా ఉండదగినవారిలో ఫార్మసీ పట్టభద్రుడితో పాటు, రసాయన శాస్త్రం ప్రధాన విషయంగా సైన్సు డిగ్రీ చేసినవాడు కూడా ఉన్నాడు. మొదటివాడికి 18 నెలల, రెండోవాడికి మూడేళ్ల ఆచరణానుభవం కావాలి. ఆ నిబంధనలో మార్కుల మాట లేదు. కర్బన రసాయన శాస్త్రంలో ‘ఓ’ వచ్చినవాడైనా, ‘సీ’ వచ్చినవాడైనా చట్టం దృష్టిలో సమానమే, కాని రసాయన శాస్త్రం ప్రధాన విషయంగా లేని సైన్సు డిగ్రీతో ఎంత గొప్ప సీజీపీఏ తెచ్చుకున్నా ఆ తలుపు తెరుచుకోదు. ‘దోస్త్’ దరఖాస్తులో డిగ్రీ కాంబినేషన్ ఎంచుకునే రోజున, ఇంటర్ ఫలితాలు వచ్చిన వేడిలో, పక్కవారి సలహా మీద తీసుకునే నిర్ణయం ఆ తర్వాతి ఆరు సెమిస్టర్ల గ్రేడులన్నింటికంటే బలమైనదవుతుంది. కళాశాలల సలహా కేంద్రాలు గ్రేడులు పెంచుకోవడం గురించి చెప్పినంతగా ఈ సంగతి చెప్పకపోవడం వింతగానే ఉంది.

ఉపాధ్యాయ నియామకాల తీరూ అంతే. స్కూల్ అసిస్టెంట్ గణితం పోస్టుకు డిగ్రీలో గణితం ఒక సబ్జెక్టుగా ఉండాలి, బీఎడ్‌లో గణిత బోధన పద్ధతి చదివి ఉండాలి, డిగ్రీలో మొత్తం మీద నిర్ణీత కనీస శాతం రావాలి. ఆపైన గణితం పేపరులో ఎంత వచ్చిందని డీఎస్సీ అడగదు. 2024 డీఎస్సీలో నియామక పరీక్షకు 80 మార్కులు, ఉపాధ్యాయ అర్హత పరీక్షకు 20 మార్కుల వెయిటేజీ ఉండగా డిగ్రీ మార్కులకు వెయిటేజీ లేదు. గ్రూప్స్ పరీక్షలకు, సివిల్స్‌కు డిగ్రీ ఉంటే చాలు. అందులోని గ్రేడుకు తుది జాబితాలో స్థానమే లేదు.

దీనికి పూర్తిగా ఎదురు నిలిచే నియామకాలు కూడా లేకపోలేదు, అవి పల్లెలకు బాగా తెలిసినవే. తపాలా శాఖ గ్రామీణ డాక్ సేవకుల ఎంపిక రాతపరీక్ష లేకుండా పదో తరగతి మార్కుల మీదనే జరుగుతుంది, ఆ శాతాన్ని నాలుగు దశాంశ స్థానాల దాకా లెక్కిస్తారు. ప్రభుత్వ రంగ సంస్థలలో గ్రాడ్యుయేట్ అప్రెంటిస్‌లను, అంటే 1961 అప్రెంటిస్ చట్టం కింద స్టైపెండు మీద ఏడాది పాటు పని నేర్చుకునే పట్టభద్రులను, చాలాసార్లు డిగ్రీ మార్కుల శాతం ఆధారంగానే ఎంచుకుంటారు. ఇటువంటి చోట్ల పైన చెప్పుకున్న 0.025కు ఒక్కసారిగా ప్రాణం వస్తుంది, ఎందుకంటే పోటీదారుల మధ్య తేడా కూడా అంతే ఉంటుంది. అయినా అక్కడ చూసేది మొత్తమే. ఇంగ్లిష్‌లో వచ్చిన మార్కూ, ఎలక్ట్రానిక్స్‌లో వచ్చిన మార్కూ ఆ మొత్తంలో కలిసిపోయి గుర్తుపట్టలేనివిగా మారతాయి.

మరి విడి గ్రేడును నిజంగా చదివేవారే లేరా? ఉన్నారు, ఇంటర్వ్యూ బల్లకు అవతల. వడపోత ముగిసి, పది పన్నెండు మంది మిగిలిన దశలో, ముఖ్యంగా మెకానికల్, ఎలక్ట్రికల్, రసాయన రంగాల కంపెనీలలో, సాంకేతిక నిపుణుడు కన్సాలిడేటెడ్ మెమోను ముందు పెట్టుకుని ప్రశ్నలు వెతుక్కుంటాడు. నాణ్యతా పరీక్షల విభాగానికి వచ్చిన బీఎస్సీ అభ్యర్థి మెమోలో విశ్లేషణాత్మక రసాయన శాస్త్రానికి మంచి గ్రేడు కనిపిస్తే టైట్రేషన్ ఎలా చేస్తారని, ద్రావణం గాఢతను ఎలా లెక్కిస్తారని అడగడం సహజం; జవాబు తడబడితే మంచి గ్రేడే అభ్యర్థికి ఎదురుతిరుగుతుంది. తక్కువ గ్రేడు కనిపిస్తే కారణం అడగవచ్చు, అడగకపోవచ్చు; మిగిలిన సెమిస్టర్లన్నీ బాగుండి ఒక్కటే కుంగి ఉంటే దానికి అనారోగ్యమో, ఇంటి పరిస్థితో కారణమని ఉన్నదున్నట్లు చెప్పినవారిని తప్పుపట్టేవారు తక్కువ. చివరి ఏడాది ప్రాజెక్టుకు, ప్రొఫెషనల్ ఎలక్టివ్‌లకు, అంటే తన శాఖలోనే ఒక ప్రత్యేక దిశను చూపే ఐచ్ఛిక సబ్జెక్టులకు, ఈ దశలో మిగిలిన పేపర్లకు లేని ప్రాముఖ్యం వస్తుంది, ఎందుకంటే అవి అభ్యర్థి తానుగా ఎంచుకున్నవి.

విదేశాలకు వెళ్లేవారి విషయంలో మెమోను వరుస వరుసగా చదవడం మరింత ఎక్కువ. న్యూయార్క్‌లో 1974లో ఏర్పడిన వరల్డ్ ఎడ్యుకేషన్ సర్వీసెస్ వంటి మదింపు సంస్థలు, కోరితే, ప్రతి సబ్జెక్టునూ అమెరికా క్రెడిట్లలోకి, గ్రేడులలోకి మార్చి నివేదిక ఇస్తాయి. జర్మనీకి 2022 నవంబరు నుంచి భారతీయ విద్యార్థులకు, వారి విద్యార్హత పత్రాలను పరిశీలించి ఇచ్చే ఏపీఎస్ ధ్రువపత్రం తప్పనిసరి అయింది. ఆ తర్వాత కూడా అక్కడి విశ్వవిద్యాలయాలు చాలా మాస్టర్స్ కోర్సులకు గణితంలో ఇన్ని క్రెడిట్లు, ప్రోగ్రామింగ్‌లో ఇన్ని క్రెడిట్లు ఉన్నాయా అని సరిచూస్తాయి. అమెరికాలో హెచ్-1బీ వీసాకు ఉద్యోగం ప్రత్యేక విద్య అవసరమైనదై ఉండాలి, అభ్యర్థి డిగ్రీ ఆ పనికి సంబంధించినదై ఉండాలి; డిగ్రీ పేరు పనికి దూరంగా కనిపించినప్పుడు న్యాయవాదులు చదివిన సబ్జెక్టుల జాబితాను సాక్ష్యంగా జతచేస్తారు. ఇక్కడ కూడా మాట్లాడేది ప్రధానంగా సబ్జెక్టు పేరే. సముద్రాలు దాటినా పటాన్‌చెరులో ఔషధ నిబంధన చెప్పిన మాటే మళ్లీ వినిపించడం గమనించదగినది.

బ్రిటన్‌లో సబ్జెక్టును మాడ్యూల్ అంటారు, మాడ్యూళ్ల ఫలితాలన్నీ కలిసి చివరకు ఒక తరగతిగా మారతాయి: సాధారణంగా 70 శాతం పైబడితే ఫస్ట్, 60 నుంచి 69 వరకు అప్పర్ సెకండ్. ఏళ్ల తరబడి పెద్ద సంస్థలు అప్పర్ సెకండ్‌ను గీతగా పెట్టుకున్నాయి. ఒక్క తరగతి పేరు విద్యార్థి గురించి చెప్పేది మరీ తక్కువని, ఈ తరగతుల పద్ధతిని సమీక్షించి భావించిన బర్జెస్ బృందం 2007లో ప్రతి మాడ్యూల్ ఫలితంతో పాటు ఇతర కార్యకలాపాలనూ నమోదుచేసే ఒక సమగ్ర నివేదికను సూచించగా, పలు విశ్వవిద్యాలయాలు దానిని అమలుచేశాయి. యజమానులు మాత్రం ఆ వివరాల వైపు మళ్లకుండా మరో దారి పట్టారు: ఈవై 2015లో, పీడబ్ల్యూసీ 2022లో బ్రిటన్‌లోని తమ పట్టభద్రుల నియామకాలకు అప్పర్ సెకండ్ షరతునే తొలగించి సొంత పరీక్షల మీద ఆధారపడ్డాయి. ఎక్కువ సమాచారం ఇస్తే ఎక్కువ చదువుతారన్న ఆశ ఫలించలేదన్నమాట. అమెరికాలో కళాశాలలు, యజమానుల జాతీయ సంఘం జరిపిన సర్వేలలో అభ్యర్థులను జీపీఏ ఆధారంగా వడకడతామన్న యజమానులు 2019లో 73 శాతం ఉండగా 2023 నాటికి 37 శాతానికి తగ్గారు.

గ్రేడులకు, పనితనానికి సంబంధమే లేదని దీని అర్థం కాదు. ఫిలిప్ రాత్, ఆయన సహచరులు 1996లో అంతకుముందు జరిగిన ఎన్నో అధ్యయనాల ఫలితాలను ఒకచోట చేర్చి విశ్లేషించినప్పుడు గ్రేడులకు, ఉద్యోగంలో పనితీరుకు మధ్య నేరుగా కనిపించిన సహసంబంధం 0.16గా, కొలతల లోపాలను సవరించాక సుమారు 0.3గా తేలింది. సహసంబంధం అంటే రెండు విషయాలు ఎంతవరకు కలిసి పెరుగుతాయో, తగ్గుతాయో చెప్పే అంకె. పూర్తిగా కలిసి నడిస్తే అది 1. చదువు ముగిసి ఏళ్లు గడిచేకొద్దీ ఆ సంబంధం బలహీనపడుతుందని కూడా అదే విశ్లేషణ చూపింది. మొత్తం గ్రేడుకే ఇంత మాత్రపు ముందుచూపు ఉన్నప్పుడు, ఒక్క సబ్జెక్టు గ్రేడును పట్టుకుని అభ్యర్థి భవిష్యత్తును ఊహించడం ఏ యజమానికైనా సాహసమే. రెండు మూడేళ్ల అనుభవం వచ్చిన ఉద్యోగిని తర్వాతి కంపెనీ చేసిన పని గురించి అడుగుతుందే తప్ప రెండో ఏడాది రెండో సెమిస్టరు గురించి అడగదు.

మళ్లీ మొదలుపెట్టిన చోటికి వస్తే, ఝరాసంగం, న్యాల్‌కల్ మండలాలలో 12,635 ఎకరాలకు ప్రతిపాదించిన జహీరాబాద్ నిమ్జ్, అంటే జాతీయ పెట్టుబడులు, తయారీ మండలం, నెమ్మదిగా రూపు దిద్దుకుంటున్నది. ఎల్గోయిలో వెమ్ టెక్నాలజీస్ రక్షణ పరికరాల కేంద్రానికి 2022లో శంకుస్థాపన జరిగింది. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఇక్కడ తొలి దశలో 3,245 ఎకరాల పారిశ్రామిక నగరానికి ఆమోదం తెలిపింది. భూములిచ్చిన కుటుంబాల పిల్లలు ఈ కొలువుల కోసం ఎదురుచూస్తున్నారు గనుక ఏ కోర్సు, ఏ సబ్జెక్టు అన్న ప్రశ్న ఈ మండలంలో మిగిలిన చోట్ల కంటే బరువైనది. ఇటువంటి కర్మాగారాలలో తొలి నియామకాలు ఎక్కువగా ఐటీఐ, డిప్లొమా చదివినవారివే అవుతాయి, అక్కడ ట్రేడ్ పేరు చూసి, పనిముట్టు చేతికిచ్చి పరీక్షించడం ఆనవాయితీ.

ఎనిమిది మెమోలనూ ఒక్కటి వదలకుండా తిరగేసే సందర్భం మాత్రం ప్రతి పెద్ద కంపెనీలోనూ ఒకటి ఉంటుంది. అది నియామకం ఖరారైన తర్వాత జరిగే ధ్రువపత్రాల తనిఖీ. ఆ పని చేసే ఏజెన్సీ ఉద్యోగి హాల్‌టికెట్ నంబరు, తండ్రి పేరు, పరీక్ష నెల, సంవత్సరం, దరఖాస్తులో రాసిన సీజీపీఏ విశ్వవిద్యాలయ రికార్డుతో సరిపోయాయా లేదా అని చూస్తాడు. అంకె తేడా వచ్చినా, దాచిన బ్యాక్‌లాగ్ బయటపడినా ఆఫర్ లెటర్ రద్దుకావచ్చు. ‘బీ’ గ్రేడు ఉన్నందుకు ఆ దశలో ఉద్యోగం పోయినవారు ఉండరు, ‘బీ’ని ‘ఏ’గా చూపినవారే ఉంటారు.